ఒక అడుగు, రెండడుగులు – మార్క్స్ ‘యూదుల సమస్య’ను ఒక ముస్లిం చదివితే

నాకు మార్క్స్‌ను పరిచయం చేసింది మా అబ్బా. ఆయన కాతిబ్. అంటే ఉర్దూ పత్రికకు చేత్తో అక్షరాలు రాసే పనివాడు. తెలుగు పత్రికలకు సీసం అక్షరాలు పేర్చే కంపోజిటర్లు ఉన్న కాలంలో ఉర్దూ పత్రికలకు కాతిబ్‌లు ఉండేవాళ్లు. నస్తాలీఖ్ రాత సీసంలో సరిగా ఒదగదు. ఒక అక్షరం పక్కదాని మీద వాలుతుంది, ఇంకోదాని కిందికి జారుతుంది. అందుకని హెడ్డింగు నుంచి చావు కబురు దాకా పేజీ పేజీ రోజూ చేత్తోనే రాయాలి. అబ్బా దగ్గర మాస్కోలో అచ్చయిన ఒక ఉర్దూ కమ్యూనిస్టు ప్రణాళిక ఉండేది. ఆయన దాన్ని ఎంత చదివాడో నాకు తెలియదు. “ఇందులో రాత చూడు బేటా, ఎంత సాఫ్‌గా ఉందో” అని చూపించేవాడు.

1990లలో కంప్యూటర్ నస్తాలీఖ్ నేర్చుకుంది. అబ్బా పనిచేసే పత్రికలో కాతిబ్‌లందరినీ ఒకే రోజు తీసేశారు. యజమానీ ముస్లిమే, కాతిబ్‌లూ ముస్లింలే. జుమ్మాకు ఒకే మసీదులో, ఒకే వరసలో భుజం భుజం ఆనించి నిలబడేవాళ్లు. జీతం పెంచమని అడిగినప్పుడల్లా “మనమంతా ఒకటే కదా భాయ్, ఉర్దూ ఖిద్మత్ చేస్తున్నాం కదా” అనేవాడు యజమాని. తీసేసిన రోజు ఆ మాట ఆయనకు గుర్తు రాలేదు. ఒక నెల జీతం కవర్లో పెట్టి ఖుదా హాఫిజ్ చెప్పాడు. మా ఇంట్లో ఆ కవరు ఎన్నాళ్లో దాచుకున్నాం.

ఈ సంగతి ఒకటి. రెండోది, నేను డిగ్రీ చదివేటప్పటిది. 1999 డిసెంబర్. రంజాన్ నెల. ఒక విద్యార్థి సంఘం వాళ్ల స్టడీ సర్కిల్‌కు వెళ్లాను. అబ్బా చేతిలో ఉన్న కవరే నన్ను అక్కడికి నడిపించింది. టీలు వచ్చాయి. రోజా ఉన్నానని వద్దన్నాను. క్లాసు చెప్పే పెద్దాయన నవ్వి, “ఇంకా ఇవి వదల్లేదా తమ్ముడూ? ముందు మతంలోంచి బయటికి రా. అప్పుడు విముక్తి గురించి మాట్లాడుకుందాం” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రెండు నెలల ముందు దసరాకి అదే ఆఫీసులో కరపత్రాలు వేసే మిషనుకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టడం నేను చూశాను. ఆ ప్రసాదం తిన్నాను కూడా. అది శ్రమజీవుల ఆచారం అన్నారు. నా రోజా మతం అయింది, వాళ్ల కొబ్బరికాయ సంస్కృతి అయింది.

ఆ పెద్దాయన మాటకు మూలం ఎక్కడుందో కొన్నేళ్ల తర్వాత మార్క్స్ రాసిన ‘యూదుల సమస్య గురించి’ వ్యాసం చదివినప్పుడు తెలిసింది. అది మార్క్స్ మాట కాదు. మార్క్స్ ఎవరితో తలపడి ఆ వ్యాసం రాశాడో ఆ బ్రూనో బావర్ మాట!

*

ఆ వ్యాసం సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మన దగ్గర మార్క్స్ పేరు చెప్పేవాళ్లలో దాన్ని చదివినవాళ్లు తక్కువ.

మార్క్స్ 1818లో ట్రియర్ పట్టణంలో పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ యూదు మతగురువుల వంశాలవాళ్లు. నెపోలియన్ ఓడిపోయాక ఆ ప్రాంతం ప్రష్యా చేతికి వచ్చింది. యూదుడిగా ఉండి వకీలు పని చేసే దారి మూసుకుపోయింది. మార్క్స్ తండ్రి బతుకుతెరువు కోసం క్రైస్తవం పుచ్చుకున్నాడు. ఆరేళ్ల మార్క్స్‌కు 1824లో బాప్తిస్మం ఇప్పించారు. మతం మారితే తప్ప నల్లకోటు దక్కని ఇంట్లోంచి వచ్చినవాడు ఆ వ్యాసం రాశాడు. ఈ సంగతి మనం మరిచిపోకూడదు.

1843లో బ్రూనో బావర్ అనే తత్వవేత్త, ఒకప్పుడు మార్క్స్‌కు స్నేహితుడే, యూదుల హక్కుల మీద రాశాడు. ఆయన మతవాది కాదు, నాస్తికుడు. ఆయన వాదన ఇది: యూదులు యూదులుగా ఉంటూనే పౌరహక్కులు అడుగుతున్నారు. అది కుదరదు. క్రైస్తవ రాజ్యం క్రైస్తవాన్ని వదులుకోవాలి, యూదుడు యూదు మతాన్ని వదులుకోవాలి. అప్పుడే ఇద్దరికీ విముక్తి. వినడానికి సమానంగానే ఉంది. అయితే రెండో వ్యాసంలో బావర్ అసలు లెక్క బయటపెట్టాడు. విముక్తి చేరడానికి క్రైస్తవుడు ఒక్క అడుగు వేస్తే చాలు. తన మతాన్ని దాటితే సరిపోతుంది. యూదుడు మాత్రం ముందు తన స్వభావాన్నే తెంచుకోవాలి. అంటే యూదుడికి దూరం ఎక్కువ. ఒకడికి ఒక అడుగు, ఇంకొకడికి రెండడుగులు.

మార్క్స్ జవాబు 1844లో పారిస్‌లో అచ్చయింది. ఆయన బావర్ ప్రశ్ననే తిరగేశాడు. రాజ్యం మతంలోంచి బయటపడటం వేరు, మనిషి మతంలోంచి బయటపడటం వేరు అన్నాడు. అమెరికాను చూపించాడు. అక్కడి రాష్ట్రాల్లో రాజ్యానికి మతం లేదు. కాని జనంలో మతం పచ్చగా ఉంది. కనుక పౌరహక్కులు కావాలంటే ముందు మతం వదలాలన్న షరతు తప్పు. యూదుడు యూదుడిగా ఉంటూనే పౌరహక్కులు పొందవచ్చు. ఇది ఆయన కాగితం మీద మాత్రమే అనలేదు. 1843 మార్చిలో కొలోన్ యూదుల పెద్ద వచ్చి యూదుల తరపున అర్జీ రాసిమ్మంటే, ఆ మతం తనకు గిట్టకపోయినా రాసిస్తానని మార్క్స్ స్నేహితుడికి ఉత్తరం రాశాడు. మతం మీద అయిష్టం ఉన్నా మనుషుల హక్కు దగ్గర మెలిక పెట్టలేదు.

అక్కడితో ఆగలేదు. ఈ రాజకీయ విముక్తి పెద్ద ముందడుగే, కాని ఆఖరి అడుగు కాదన్నాడు. రాజ్యాంగంలో మనిషి పౌరుడు, అందరితో సమానం. బజారులో అదే మనిషి కూలీ, యజమాని, అప్పులవాడు, అప్పిచ్చేవాడు. పైన ఆకాశంలో సమానత్వం, కింద నేల మీద ఎవడి బతుకు వాడిది. ఈ రెంటినీ కలపడమే మానవ విముక్తి అన్నాడు. అదే పత్రికలో అచ్చయిన ఇంకో వ్యాసంలో మతాన్ని మత్తుమందుతో పోల్చాడు. ఆ ఒక్క మాట మన దగ్గర గోడల మీదికెక్కింది. దాని ముందున్న మాటలు ఎక్కలేదు. మతం నిజమైన బాధకు రూపమనీ, ఆ బాధ మీద నిరసన కూడా అనీ ఆయన ఆ ముందే అన్నాడు.

*

ఇప్పుడు అడుగుతున్నాను. తెలుగునేల మీద మార్క్సిజం పేరుతో మాకు చెప్పిందేమిటి? మార్క్స్‌నా, బావర్‌నా?

బుర్ఖా తీసేస్తే మాట్లాడుకుందాం అన్నారు. షరియత్ సంగతి తేల్చాక మాట్లాడుకుందాం అన్నారు. టోపీ పెట్టుకుని మీటింగుకు వస్తే “మైనారిటీ ప్రతినిధి” అన్నారు. తీసేసి వస్తే “ప్రగతిశీల ముస్లిం” అన్నారు. ఒట్టి కామ్రేడ్ అని మాత్రం అనలేకపోయారు. “ప్రగతిశీల హిందువు” అని వాళ్లలో ఎవరినైనా పిలవగా విన్నారా? ఆ మాటే తెలుగులో లేదు. ఎందుకు లేదు? వాళ్లకు ఒక్క అడుగు చాలు కనుక. గృహప్రవేశానికి వెళ్లొచ్చి, పెళ్లికి ముహూర్తం పెట్టించుకుని, కులంలోనే సంబంధం చూసుకుని, సాయంత్రానికి నాస్తికుడైపోవచ్చు. మేము మాత్రం రెండడుగులు వెయ్యాలి. ముందు ముస్లింలం కాదని రుజువు చేసుకోవాలి. ఆ తర్వాత మనుషులమని రుజువు చేసుకోవాలి.

దళితులు ఈ ప్రశ్న మాకంటే ముందే అడిగారు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు తర్వాత కులం ఉపరితలంలో ఉందో పునాదిలో ఉందో తేల్చమని నిలదీశారు. 1991లోనే ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ రాశారు. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలింది. నాకప్పుడు పన్నెండేళ్లు. మా మొహల్లాలో ఆ రాత్రి ఎవరూ దీపం పెట్టలేదు. ఆ చీకట్లోంచే తెలుగులో ముస్లింవాద సాహిత్యం వచ్చింది. దానికి విమర్శకులు కొందరు ఇచ్చిన బిరుదేమిటి? వర్గ ఐక్యతను చీలుస్తున్నారన్నారు. చీలిక మేం తెచ్చామా? స్టడీ సర్కిల్‌లో టీ గ్లాసు దగ్గర చీలిక కనబడలేదా?

*

మార్క్స్‌ను మన కామ్రేడ్ల చేతిలోంచి తీసుకుని నెత్తిన పెట్టుకోమనడం లేదు. ఆ వ్యాసానికి రెండో భాగం ఉంది. దాన్ని దాచి మొదటి భాగాన్నే పొగడటం నిజాయితీ కాదు.

రెండో భాగంలో మార్క్స్ శుక్రవారం రాత్రి ప్రార్థన చేసుకునే యూదుణ్ణి వదిలి, రోజువారీ యూదుణ్ణి చూద్దాం అంటాడు. మంచిదే. కాని ఆ రోజువారీ యూదుడిలో ఆయనకు కనబడింది బేరగాడు, వడ్డీవ్యాపారి. యూదుడి లౌకిక దేవుడు డబ్బేనంటాడు. సమాజం డబ్బు నుంచి బయటపడితే యూదుడనేవాడే ఉండడంటాడు. ఆయన ఉద్దేశం పెట్టుబడిని తిట్టడమే కావచ్చు. డబ్బు క్రైస్తవులందరినీ అదే తీరుగా మార్చేసిందనీ అంటాడు. అయినా తిట్టడానికి ఎత్తుకున్న బొమ్మ ఎవరిది? వీధిలో ప్రతి యూదు ద్వేషి గీసిన బొమ్మే. రోజువారీ యూదుణ్ణి చూస్తానని బయల్దేరి, ఊరు చెప్పుకునే యూదుణ్ణి చూసి తిరిగొచ్చాడు.

అప్పటికి తూర్పు యూరప్ నిండా పేద యూదులున్నారు. దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్లు, బండివాళ్లు. మార్క్స్ వ్యాసంలో వాళ్లు లేరు. వాళ్లే 1897లో విల్నాలో ‘బుండ్’ అనే యూదు కార్మిక సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడు మిన్‌స్క్‌లో రష్యా సోషల్ డెమొక్రటిక్ పార్టీ పుట్టిందే బుండ్ చేయూతతో. మేం సోషలిస్టులమే, మా కార్మికుల మధ్య మా యిద్దిష్ భాషలో పనిచేస్తాం, పార్టీలో మాకు మా గుర్తింపు ఉండాలి అన్నారు వాళ్లు. 1903 మహాసభ ఒప్పుకోలేదు. బుండ్ బయటికి నడిచింది. లెనిన్‌కు తన కారణాలున్నాయి. జాతికొక పార్టీ అయితే జార్ మీద కలిసి కొట్లాడలేమన్నాడు. అది కొట్టిపారేసే వాదన కాదు. కాని ఉర్దూ చదివి ఉర్దూలో ఏడ్చే కార్మికుణ్ణి ఎవరు కలుపుకోవాలి, ఏ భాషలో కలుపుకోవాలి అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. ఇప్పటికీ జవాబు లేకుండా ఉంది.

మార్క్స్ తప్పును దిద్దినవాడూ మార్క్సిస్టే. అబ్రాం లియోన్ అనే యువకుడు నాజీల ఆక్రమణలో ఉన్న బెల్జియంలో రహస్యంగా పనిచేస్తూ 1942లో యూదుల చరిత్ర రాశాడు. యూదుణ్ణి వ్యాపారిగా నిలబెట్టింది అతడి మతమో స్వభావమో కాదు, భూస్వామ్య సమాజంలో అతడికి మిగిల్చిన చోటు అని చూపించాడు. 1944లో అతణ్ణి ఆష్విట్జ్‌లో చంపేశారు. అప్పటికి అతడికి ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. పద్ధతి మార్క్స్‌దే, ఫలితం మార్క్స్‌కు విరుద్ధం. ప్రాచీన సిద్ధాంతం ఈనాటికీ పనికొస్తుందా అని అడిగేవాళ్లకు ఇదొక జవాబు.

మన సంగతి చూడండి. తెలుగు సాహిత్యంలో ‘రోజువారీ ముస్లిం’ ఎవరు? నవాబు, రజాకారు, వడ్డీకిచ్చే పఠాను. మంచివాడైతే బిర్యానీ పెట్టే మస్తానయ్య, ప్రాణమిచ్చే నమ్మినబంటు. దూది ఏకే దూదేకుల పీరయ్య ఎక్కడ? పంక్చర్లు వేసే చేతులెక్కడ? బీడీల చాటలో ఆకు కత్తిరించే ఆపా ఎక్కడ? మార్క్స్ పేద యూదుణ్ణి చూడకపోవడం ఒక వ్యాసంలో జరిగింది. మనవాళ్లు పేద ముస్లింను చూడకపోవడం యాభై ఏళ్ల సాహిత్యంలో జరిగింది.

*

పుస్తకాల సంగతి సరే, అధికారం చేతికొచ్చాక ఏం జరిగింది?

1917 నవంబర్ విప్లవం అయిన నెలలోపే లెనిన్, స్టాలిన్ సంతకాలతో రష్యాలోని ముస్లిం శ్రామికులకు ఒక విజ్ఞప్తి వెలువడింది. మీ విశ్వాసాలకూ ఆచారాలకూ ఇకమీదట ఎవరూ అడ్డురారని మాటిచ్చింది. 1920 అక్టోబర్ 17న తాష్కెంట్‌లో భారత కమ్యూనిస్టు పార్టీ ఏర్పడినప్పుడు, ఖిలాఫత్ కోసం ఇల్లు విడిచి కాలినడకన హద్దులు దాటిన ముహాజిర్లు అందులో ఉన్నారు. మహమ్మద్ షఫీఖ్ దాని కార్యదర్శి. 1925లో కాన్పూర్‌లో కమ్యూనిస్టుల మహాసభ జరిగినప్పుడు ఆహ్వాన సంఘం పెద్ద మౌలానా హస్రత్ మోహానీ. ఆయన నమాజూ వదల్లేదు, ఇంక్విలాబూ వదల్లేదు. అంటే మొదటి పేజీలో మేమున్నాం. రోజాలతో సహా ఉన్నాం.

తర్వాతి పేజీలు వేరుగా ఉన్నాయి. ముస్లిం జాతులకు తమ సొంత విప్లవ దారి కావాలన్న తాతార్ కమ్యూనిస్టు మీర్‌సయీద్ సుల్తాన్ గలియేవ్‌ను 1923లో అరెస్టు చేశారు. 1940లో కాల్చి చంపారు. 1927లో మధ్యాసియాలో పరదాలు తీయించే ఉద్యమం పైనుంచి నడిపారు. పరదా తీసిన ఎందరో స్త్రీలను వాళ్ల ఊళ్లవాళ్లే చంపారు. పార్టీ ఆజ్ఞకూ మగవాళ్ల కత్తికీ మధ్య ఆ స్త్రీలు నలిగారు. 1944లో చెచెన్లనూ క్రిమియా తాతార్లనూ జాతిమొత్తంగా రైళ్లెక్కించి దేశం చివరికి తోలేశారు. అందులో పార్టీ సభ్యులూ ఉన్నారు. కామ్రేడ్ కార్డు వాళ్లకు అడ్డు కాలేదు.

మన దేశంలో బెంగాల్ ఉంది. 1977 నుంచి 2011 దాకా ముప్ఫై నాలుగేళ్లు వామపక్ష ప్రభుత్వం. ఆపరేషన్ బర్గా కింద కౌలు హక్కు నమోదైనవాళ్లలో ముస్లిం రైతులూ ఉన్నారు. ఆ మేలును నేను తక్కువ చెయ్యను. మతకలహాలను అదుపులో పెట్టినందుకూ తక్కువ చెయ్యను. కాని 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. బెంగాల్ జనాభాలో ముస్లింలు 25.2 శాతం. కమిటీకి అందిన లెక్కల్లో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో వాళ్లు 2.1 శాతం! ప్రాణానికి భద్రత ఉంది, పొలంలో కాస్త చోటుంది. ఆఫీసులో కుర్చీ లేదు. వర్గం పేరుతో లెక్కపెట్టినంతకాలం ఈ అంకె ఎవరి కంటా పడలేదు. మతం పేరుతో లెక్కపెడితేనే కనబడింది. లెక్కపెట్టడమే మతతత్వం అన్నవాళ్లు ఈ అంకెకు ఏం చెబుతారు?

*

తెలంగాణ సంగతి వేరు. ఇక్కడ మార్క్స్ పుస్తకంలోంచి రాలేదు, పొలంలోంచి వచ్చాడు. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కోర్టులో కొట్లాడి నెగ్గినందుకు ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ ముస్లిం. ‘మా భూమి’ నాటకానికి ప్రాణం ఆయన కథే. నిజాం రాజ్యంలో ఉర్దూలోనే ‘ఇమ్రోజ్’ పత్రిక నడిపి, రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో చేయి నరికించుకుని చనిపోయిన షోయబుల్లాఖాన్ ముస్లిం. నవాబు ముస్లిం అయితే నవాబును ఎదిరించినవాళ్లూ ముస్లింలే. దేశ్‌ముఖ్‌లలో ఎక్కువమంది హిందువులు. ఈ చిక్కుముడిని విప్పడానికి వర్గ దృష్టి తప్ప వేరే పనిముట్టు లేదు. దాన్ని పారేసుకుంటే రజాకారే ముస్లిం, ముస్లిమే రజాకారు అనేవాళ్లకు దారి వదిలినట్టే.

మాది నల్లగొండ జిల్లా. “సంగం వాళ్లు గట్టిగా ఉన్న ఊళ్లల్ల మన మీద చెయ్యి పడలే” అని దాదా చెప్పేవాడు. ఆ మాట మా ఇంట్లో వారసత్వం. కాని సెప్టెంబర్ 1948లో ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఏం జరిగిందో పండిట్ సుందర్‌లాల్ కమిటీ రాసింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక ఆరు దశాబ్దాలు బయటికి రాలేదు. 2013లో గాని జనం చూడలేకపోయారు. ఇప్పుడు ఏటా సెప్టెంబర్ 17 వస్తుంది. 2022లో ఒక ప్రభుత్వం విమోచన అన్నది, ఇంకో ప్రభుత్వం సమైక్యత అన్నది. కామ్రేడ్లు విద్రోహం అంటారు. అన్ని పేర్లలోనూ ఆ చనిపోయినవాళ్లకు చోటేది? పోరాట చరిత్రలు వేల పేజీలు రాసిన వాళ్లు ఆ శవాలకు ఎన్ని పేజీలు ఇచ్చారో తూకం వెయ్యండి.

మఖ్దూం మొహియుద్దీన్ 1908లో అందోలులో పుట్టాడు. రష్యాలో అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తింటారట అని చిన్నతనంలో చిన్నాన్న నోట విన్న మాట ఆయన్ను జీవితమంతా నడిపించిందని చెబుతారు. చూడండి, ఆ పిల్లవాడికి సోషలిజం ఏ రూపంలో అర్థమైందో! కార్ఖానా రూపంలో కాదు, దస్తర్‌ఖాన్ రూపంలో. తన ఇంటి మాటలోంచి, తన ఇంటి గుడ్డ మీద. ఆయన 1969 ఆగస్టు 25న చనిపోతే షా ఖామోష్ ఖబరస్తాన్‌లో దఫన్ చేశారు. ఎర్రజెండా కవి దర్గా పక్కన పడుకున్నాడు. ఇందులో ఏ వైరుధ్యమూ హైదరాబాద్ కార్మికుడికి కనబడలేదు.

*

ఇప్పటిదాకా కామ్రేడ్లను అడిగాను. ఇక మావాళ్లను అడగాలి. అడక్కపోతే అబ్బా చేతిలోని కవరుకు ద్రోహం చేసినట్టే.

అస్తిత్వం అంటే ఏమిటి? యజమానికీ కాతిబ్‌కూ కలిపి ఒకే పేరు పెట్టడమేనా? అయితే ఆ యజమాని మనకంటే పెద్ద అస్తిత్వవాది. “మనమంతా ఒకటే” అని మొదట అన్నది ఆయనే. ముస్లింలంతా ఒకటే అన్న మాట బయటి దాడి ముందు నిజం. రాళ్లు పడేటప్పుడు సయ్యదు ఇల్లు, ఫకీరు ఇల్లు అని చూసి పడవు. కాని పెళ్లి సంబంధం దగ్గర, వక్ఫ్ దుకాణాల అద్దె దగ్గర, మదరసా కమిటీ ఎన్నిక దగ్గర ఆ మాట నిజం కాదు. దూదేకుల వాడి ఉర్దూను వెక్కిరించింది ఎవరు? తెలుగు మాట్లాడే ముస్లింను సగం ముస్లిం అన్నదెవరు? 2007లో ఆంధ్రప్రదేశ్‌లో బీసీ–ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చినప్పుడు సయ్యదులు, మొగలులు, పఠాన్లను పక్కనపెట్టి, హజాం, ఫకీర్, అత్తర్, ఖురేషీ, షేక్ వంటి పద్నాలుగు సమూహాలకు ఇచ్చారు. ఆ జాబితా చూసి మావాళ్లలో కొందరు మిల్లత్‌ను చీల్చారన్నారు. విన్న మాటలాగే ఉంది కదా? వర్గ ఐక్యతను చీలుస్తున్నారని కామ్రేడ్లు మమ్మల్నన్నారు. మిల్లత్ ఐక్యతను చీలుస్తున్నారని మనం హజాంలనీ ఖురేషీలనీ అంటున్నాం! పైనున్నవాడికి ఐక్యత ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. పాకీ పని చేసే మెహతర్ ముస్లింకు అందులో చోటు లేదు. రాజ్యం అతడికి చెప్పేది, నువ్వు ముస్లింవి కనుక దళితుడివి కావు అని. మిల్లత్ అతడికి చెప్పేదీ అదే. ఇద్దరూ ఒకే మాట చెప్పి అతడి చీపురును అతడికే వదిలేశారు.

ఇక్కడే మార్క్స్ మొదటి భాగం మాకు అవసరం. పౌరుడిగా సమానం అన్నంత మాత్రాన బజారులో సమానం కానట్టే, మసీదు వరసలో సమానం అన్నంత మాత్రాన ప్రెస్సులో సమానం కాము. వరసలో భుజం ఆనించడం అబద్ధం కాదు. అబ్బా దాన్ని చివరిదాకా నమ్మాడు. ఆ సమానత్వం సలాం చెప్పి చెప్పులు వేసుకోగానే ఎందుకు అయిపోతుంది అన్నదే ప్రశ్న.

*

మరి ఈనాటికి ఏం మిగిలింది?

మార్క్స్ 1844లో రాజకీయ విముక్తి చాలదన్నాడు. మాకు ఈనాడు అదే నిలబడేట్టు లేదు. 2019 ఆగస్టు 31న అస్సాంలో పౌరుల జాబితా వచ్చింది. పంతొమ్మిది లక్షల మందికి పైగా అందులో లేరు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. మూడు పొరుగు దేశాల నుంచి వచ్చినవాళ్లలో ఆరు మతాలవాళ్ల పేర్లు రాసి, ఒక మతం పేరు వదిలేసింది. బావర్ యూదుణ్ణి మతం వదిలి రమ్మన్నాడు. ఈ చట్టం ఆ షరతు కూడా పెట్టలేదు. నువ్వు ఏం వదిలినా నీ పేరు ఈ జాబితాలో లేదన్నది.

అప్పుడు షాహీన్‌బాగ్‌లో బుర్ఖాలు వేసుకున్న దాదీలు, నానీలు చలిలో కూర్చున్నారు. రాజ్యాంగ పీఠిక చదివారు. బుర్ఖా తీసి రాలేదు. రాజ్యాంగాన్ని కింద పెట్టలేదు. యూదుడు యూదుడిగానే హక్కు అడగవచ్చని మార్క్స్ 1844లో వాదించిన మాటను, ఆయన పేరు కూడా వినని ఆ ముసలమ్మలు రోడ్డు మీద కూర్చుని నిజం చేశారు. ఆ పీఠికలో సోషలిస్టు అన్న మాట కూడా ఉంది. 1976లో చేర్చారు. లౌకిక అన్న మాటతో పాటే చేర్చారు. ఆ రెండు మాటలూ ఒకే రోజు వచ్చాయి, ఒకేసారి నిందలు మోస్తున్నాయి. ఒకదాన్ని కాపాడి ఇంకోదాన్ని వదిలేద్దామంటే కుదరదని నేననుకుంటాను.

కనుక మొదటి భాగం నాకు కావాలి. రెండో భాగాన్ని అందులోనే ఉన్న పద్ధతితో ఖండిస్తాను. మార్క్స్‌ను కొట్టిపారేయమనే మావాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఆ కవరులోని డబ్బెంతో లెక్కపెట్టడానికి మీ దగ్గర ఇంకో పనిముట్టు ఉంటే చూపించండి. మార్క్స్ మాదేననే కామ్రేడ్లకు చెప్పేదీ ఒకటే: మీ మిషను మీది కుంకుమను తుడిచాకే నా రోజా సంగతి అడగండి.

అబ్బా పోయి కొన్నేళ్లయింది. నేను స్టడీ సర్కిళ్లకు తిరిగే రోజుల్లో ఒకసారి అడిగాడు, “అంతా బాగుంది బేటా, మేరే జనాజే కీ నమాజ్ కౌన్ పఢాతా? మీ పార్టీవాళ్లా?” అని. నేను జవాబు చెప్పలేదు. జనాజా రోజు పత్రిక యజమాని కొడుకు మొదటి వరసలో నిలబడ్డాడు. నా పాత కామ్రేడ్లు ఇద్దరు వచ్చి మసీదు గేటు బయట, చెప్పుల దగ్గర నిలబడ్డారు. లోపలికి రావచ్చని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. రావాలని వాళ్లకూ తోచలేదు. డోలా లేచేటప్పుడు ముందు భుజం పట్టింది అబ్బాతో పాటు అదే రోజు పని పోగొట్టుకున్న ఇద్దరు ముసలి కాతిబ్‌లు. గేటు దాటాక వెనక భుజం కామ్రేడ్లు అందుకున్నారు. ఖబరస్తాన్ దాకా ఆ నలుగురూ మారలేదు. యజమాని కొడుకు కారులో వచ్చాడు.